సిమ్లిపాల్ నల్లపులులు, హార్డీ-వైన్‌బర్గ్ పరీక్ష: తరచుగా అడిగే ప్రశ్నలు

జువాలజీ చదివే పిల్లలు, అడవి జంతువుల డీఎన్‌ఏతో కొత్తగా పని మొదలుపెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. పాఠ్యపుస్తకాల్లో ఈ లెక్క బఠానీలతోనో, రక్తం గ్రూపులతోనో అయిపోతుంది. నిజం అడవిలోకి తీసుకెళ్తే అసలు చిక్కులు అప్పుడు బయటపడతాయి. అందుకే ఒడిశాలోని సిమ్లిపాల్ పులుల్ని ఉదాహరణగా పట్టుకున్నాను.

హార్డీ-వైన్‌బర్గ్ సమతాస్థితి అంటే ఏమిటి? రెండు ముక్కల్లో చెప్పండి.

ఒక జన్యువుకు రెండు రూపాలున్నాయనుకుందాం. వీటినే అల్లీల్స్ అంటాం, తెలుగు అకాడమీ పుస్తకాల్లో యుగ్మవికల్పాలు. ఒకదాని వాటా పి, రెండోదాని వాటా క్యూ. జంతువులు ఏ ఎంపికా లేకుండా జతకడితే పిల్లల్లో మూడు జన్యురూపాలు (ఒక్కో జంతువులో ఉండే రెండు కాపీల జతలు) పి², 2పిక్యూ, క్యూ² నిష్పత్తిలో వస్తాయి. జనాభా చాలా పెద్దదై, వలసలు, ఉత్పరివర్తనాలు, ప్రకృతి వరణం లేకపోతే ఆ వాటాలు తరతరాలకూ అలాగే ఉంటాయి.

ఇందులో రెండు వేరువేరు మాటలున్నాయి. ఒకటి, పి మారదు అనేది. రెండోది, ఈ తరంలో జన్యురూపాలు పి², 2పిక్యూ, క్యూ² గా సర్దుకుని ఉంటాయి అనేది. మనం చేసే పరీక్ష రెండోదాన్ని మాత్రమే చూస్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి, కింద చాలా చోట్ల పనికొస్తుంది.

హార్డీ గణితశాస్త్రవేత్త కదా, ఆయనకు జన్యువులతో ఏం పని?

అవును, మన రామానుజన్‌ని కేంబ్రిడ్జికి రప్పించిన హార్డీయే. ఆయనతో క్రికెట్ ఆడే జన్యుశాస్త్రవేత్త పన్నెట్ ఒక సందేహం తెచ్చాడు: బహిర్గత లక్షణం (ఒక్క కాపీ ఉన్నా బయటపడేది) తరాలు గడిచేకొద్దీ జనాభా అంతా ఎందుకు నిండిపోదు? హార్డీకి అది చిటికెలో తేలే లెక్క. 1908లో చిన్న వ్యాసం రాసి వదిలేశాడు. అదే ఏడాది జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో వైన్‌బర్గ్ అనే డాక్టరు కూడా ఇదే తేల్చాడు. కానీ ఆయన పేరు పక్కన చేరడానికి 1943 దాకా పట్టింది. జన్యుశాస్త్రవేత్త కర్ట్ స్టెర్న్ గుర్తుచేయకపోతే ఇంకా ఆలస్యమయ్యేదేమో.

ఇన్ని అడవులుండగా సిమ్లిపాల్‌నే ఎందుకు తీసుకున్నారు?

అక్కడ ఒక జన్యురూపం కంటికి కనబడుతుంది కాబట్టి. ఒడిశా మయూర్‌భంజ్ జిల్లాలోని సిమ్లిపాల్ టైగర్ రిజర్వులో కొన్ని పులులకు చారలు లావెక్కి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, వీపంతా నల్లగా కనబడుతుంది. చారల మధ్య కొద్దిగా మాత్రమే పసుపురంగు తొంగిచూస్తుంది. వీటిని మిథ్యా నల్లపులులు అనొచ్చు, ఎందుకంటే ఒళ్లంతా నలుపు కాదు.

బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌లో ఉమా రామకృష్ణన్ బృందం దీని కారణం కనిపెట్టి 2021లో ప్రచురించింది. మొదటి రచయిత వినయ్ సాగర్. హైదరాబాద్ సీసీఎంబీ, తిరుపతి ఐసర్ శాస్త్రవేత్తలూ ఆ పనిలో ఉన్నారు. టాక్‌పెప్ అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. దాంతో ప్రొటీన్‌లో 454వ స్థానంలో హిస్టిడిన్ బదులు టైరోసిన్ వచ్చి కూర్చుంది. ఇంటి పిల్లుల ఒంటిమీద మచ్చలు సుడులు తిరగడానికి, ఆఫ్రికాలో 'కింగ్ చీతా' పెద్దపెద్ద మచ్చలకూ ఇదే జన్యువులో వచ్చిన మార్పులే కారణం.

ఆ అధ్యయనం నాటికి సిమ్లిపాల్ పులుల్లో దాదాపు 37 శాతం ఇలాంటివే. డీఎన్‌ఏ చూసిన 12 సిమ్లిపాల్ పులుల్లో ఈ అల్లీల్ వాటా 0.58. మిగతా పులి జనాభాల నుంచి చూసిన 395 పులుల్లో ఒక్క కాపీ కూడా లేదు.

నల్లపులి, నల్లచిరుత రెండింటిదీ ఒకే జన్యువా?

కాదు. నల్లచిరుతది అసిప్ అనే వేరే జన్యువు. రెండూ అంతర్గత లక్షణాలే, అంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలూ వస్తేనే బయటపడతాయి. పోలిక అంతవరకే.

అల్లీల్ పౌనఃపున్యం, అంటే అల్లీల్ వాటా, ఎలా లెక్కకట్టాలి?

తలలు కాదు, కాపీలు లెక్కపెట్టాలి. ఒక్కో పులిలో రెండు కాపీలు. 12 పులులంటే 24 కాపీలు. వాటిలో 14 నల్ల అల్లీల్స్ అయితే 14/24 = 0.58. అంతే. సూత్రాలు కంఠతా పట్టి పరీక్షలో తికమకపడేవాళ్లందరికీ నేను చెప్పేది ఇదే: సంచిలో గింజలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టండి.

కెమెరా ట్రాప్‌లో 37 శాతం నల్లవి కనబడ్డాయి కదా. వర్గమూలం తీస్తే పి వచ్చేయదా? డీఎన్‌ఏ ఖర్చు ఎందుకు?

ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడిగే ప్రశ్న. 0.37కి వర్గమూలం 0.61. డీఎన్‌ఏతో వచ్చిన 0.58కి చాలా దగ్గర. వెనక్కి తిప్పి చూసినా, 0.58 వర్గం 0.34, కెమెరాలో 0.37. ముచ్చటగా ఉంది.

కానీ వర్గమూలం తీస్తున్నారంటే నల్లపులుల వాటా పి² అని మీరు ముందే ఒప్పేసుకున్నారు. అంటే సమతాస్థితి ఉందని నమ్మి పి కనుక్కున్నారు. అదే పి పెట్టి మళ్లీ సమతాస్థితి ఉందా అని పరీక్షిస్తే ఎప్పుడూ ఉందనే వస్తుంది. పరీక్ష పేపర్ దిద్దేది కూడా రాసినవాడే అయినట్టు. కెమెరాకు ఒక కాపీ ఉన్న పులి, అసలు కాపీ లేని పులి రెండూ ఒకేలా కనబడతాయి. ఆ రెండింటినీ విడదీసేది డీఎన్‌ఏ మాత్రమే.

పులిని పట్టుకోకుండా డీఎన్‌ఏ ఎలా తీస్తారు?

పెంట నుంచి. పులి అడవి బాటల మీద తన హద్దు గుర్తుగా పెంట వేస్తుంది. దాని పైపొర మీద పులి పేగు కణాలు అంటుకుని ఉంటాయి. ఆ పొరను దూదిపుల్లతో తుడిచి భద్రపరిచే ద్రావణంలో వేస్తారు. చెట్లకు రుద్దుకున్నప్పుడు అంటిన వెంట్రుకలు, వేటాడిన జంతువు మీద మిగిలిన లాలాజలం కూడా పనికొస్తాయి.

ఇక్కడ ఒక చిన్న సంగతి. కొత్తలో నేను సీసాల మీద మార్కర్‌తో నంబర్లు రాశాను. సంచిలో ఒక సీసా మూత వదులై ఆల్కహాల్ కారింది. క్యాంపుకొచ్చి చూస్తే ఏడు సీసాల మీద నీలిమరకలు తప్ప నంబర్లు లేవు. ఒకరోజు నడకంతా బూడిదలో పోసిన పన్నీరు. అప్పటి నుంచి పెన్సిల్‌తో కాగితం మీద రాసి లోపల కూడా ఒకటి వేస్తాను. పెన్సిల్ గీత ఆల్కహాల్‌కి చెరగదు.

ఇంకోటి, పది పెంటలంటే పది పులులు కావు. ఒకే పులి వారంలో నాలుగు చోట్ల దొరకొచ్చు. ముందు చాలా జన్యుగుర్తులు చూసి ఏది ఎవరిదో తేల్చి, ఒక పులిని ఒక్కసారే లెక్కలోకి తీసుకోవాలి. లేదంటే ఎక్కువ తిరిగే మగపులి మీ పి విలువను తనవైపు లాగేస్తుంది.

కై-స్క్వేర్ ఒకసారి చేసి చూపించండి.

వచ్చిన సంఖ్యలు రావాల్సిన సంఖ్యలకు ఎంత దూరంగా ఉన్నాయో కొలిచే లెక్క ఇది. ఇవి లెక్క కోసం నేను అనుకున్న అంకెలు, ఏ అడవివీ కావు. 50 జంతువులు, క, గ అనే రెండు అల్లీల్స్. కక 22, కగ 16, గగ 12 వచ్చాయి.

క కాపీలు 44 + 16 = 60. మొత్తం 100లో 60, అంటే పి = 0.6, క్యూ = 0.4. సమతాస్థితిలో ఉంటే కక 0.36 × 50 = 18, కగ 0.48 × 50 = 24, గగ 0.16 × 50 = 8 రావాలి.

తేడాలు 4, -8, 4. వర్గం చేసి, రావాల్సిన సంఖ్యతో భాగిస్తే 16/18 = 0.89, 64/24 = 2.67, 16/8 = 2. మొత్తం 5.56. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (స్వేచ్ఛగా మారగలిగే తరగతుల సంఖ్య) 1 అయితే, 0.05 స్థాయిలో హద్దు 3.84. దాటింది, కాబట్టి సమతాస్థితి నిష్పత్తిలో లేదు.

అడ్డదారి కూడా ఉంది. 24 విషమయుగ్మజాలు (రెండు వేరువేరు అల్లీల్స్ ఉన్నవి, ఇక్కడ కగ) ఉండాల్సిన చోట 16 ఉన్నాయి, అంటే మూడోవంతు లోటు. ఈ లోటుకే ఎఫ్ అని పేరు: 1 - 16/24 = 0.33. రెండు అల్లీల్స్ మాత్రమే ఉన్నప్పుడు కై-స్క్వేర్ అంటే జంతువుల సంఖ్య × ఎఫ్ వర్గం. 50 × 0.111 = 5.56. సరిచూసుకోండి.

మూడు తరగతులున్నాయి కదా, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 2 ఎందుకు కాదు?

మొత్తం 50 అని ముందే తెలుసు కాబట్టి ఒకటి పోయింది. పి విలువను కూడా ఇదే డేటా నుంచి తీసుకున్నాం కాబట్టి ఇంకొకటి పోయింది. మిగిలింది 1. 2 పెట్టుకుంటే హద్దు 5.99 అవుతుంది, అప్పుడు పై ఉదాహరణ 'పాస్' అయిపోతుంది. చిన్న పొరపాటు కాదు, తీర్పే తిరగబడుతుంది.

పరీక్ష ఫెయిల్ అయింది. ప్రకృతి వరణం జరుగుతోందని రాసేయొచ్చా?

ఆగండి. నా అనుభవంలో వరణం అనుమానితుల జాబితాలో చివరి పేరు. మొదటి పేరు మీ టెస్ట్‌ట్యూబ్.

పెంటలో డీఎన్‌ఏ తక్కువ, అదీ ఎండకూ వానకూ చితికిపోయి ఉంటుంది. ఒక పులిలో క, గ రెండూ ఉన్నా పీసీఆర్‌లో (డీఎన్‌ఏ ముక్కకు ల్యాబ్‌లో బోలెడు కాపీలు తీసే పద్ధతి) క ఒక్కటే పెరిగి, గ అసలు కనబడకుండా పోవచ్చు. దీన్ని అల్లీల్ డ్రాపవుట్ అంటారు. కగ పులిని మీరు కక అని రాసేస్తారు. విషమయుగ్మజాలు తగ్గిపోయాయని కంప్యూటర్ చెబుతుంది, మీరు అంతఃప్రజననం (దగ్గరి బంధువుల మధ్య జతకట్టడం) అని సంబరపడతారు. మందు ఒకటే: ప్రతి నమూనాకూ పీసీఆర్ మూడు నాలుగుసార్లు తిరిగి చేయడం, సమయుగ్మజం (రెండు కాపీలూ ఒకటే) అని రాసేముందు అన్నిసార్లూ అదే వచ్చిందా అని చూడటం. విసుగు పనే, కానీ తప్పదు.

రెండో అనుమానితుడు మీ మ్యాప్. పై ఉదాహరణలో 50 జంతువులు నిజానికి రెండు అడవులవి అనుకోండి, చెరో 25. ఒక అడవిలో క వాటా 0.9, ఇంకో దాంట్లో 0.3. ఏ అడవికా అడవి చక్కగా సమతాస్థితిలోనే ఉంది. మొదటి అడవిలో కగ 4.5, రెండో దాంట్లో 10.5 రావాలి. కలిపితే 15. కక 22.5, గగ 12.5. మనకు వచ్చింది 22, 16, 12! అంటే జతకట్టడంలో ఏ తేడా లేకపోయినా, రెండు గుంపుల్ని ఒకే సంచిలో పోసినందుకే పరీక్ష ఫెయిలయింది. దీన్ని వాలుండ్ ప్రభావం అంటారు. నమూనాలు ఎక్కడివో జీపీఎస్ అంకెలతో సహా రాసుకోమని పదేపదే చెప్పేది ఇందుకే.

ఈ రెండూ కాదని తేలాక దగ్గరి బంధువుల మధ్య జతకట్టడం. అంతఃప్రజననం జన్యువులన్నింటిలోనూ లోటు చూపిస్తుంది. ఒక్క జన్యుగుర్తులోనే లోటుంటే మళ్లీ ట్యూబ్‌నే అనుమానించండి. ఇవన్నీ దాటాకే వరణం మాట.

విషమయుగ్మజాలు ఎక్కువ వస్తే?

అరుదు, కానీ చిన్న జనాభాలో వస్తుంది. తరానికి రెండు మూడు మగపులులే తండ్రులైతే, తండ్రుల వైపు అల్లీల్ వాటా, తల్లుల వైపు వాటా యాదృచ్ఛికంగా వేరువేరుగా పడతాయి. అప్పుడు పిల్లల్లో విషమయుగ్మజాలు కాస్త పెరుగుతాయి. దీన్నే వాడి సంతానానికి జన్మనిచ్చినవి ఎన్నో అంచనా కట్టే పద్ధతి కూడా ఉంది.

12 పులులు పరీక్షకు సరిపోతాయా?

అల్లీల్ ఉందా, బాగా ఎక్కువగా ఉందా అని చెప్పడానికి సరిపోతాయి. సమతాస్థితి పరీక్షకు మాత్రం చాలా తక్కువ. ఎంత తక్కువో చూద్దాం.

24 కాపీల్లో 14 నల్లవి, 10 మామూలువి. ఈ కాపీలతో 12 పులుల్ని నింపితే విషమయుగ్మజాల సంఖ్య 0, 2, 4, 6, 8, 10 లలో ఏదో ఒకటే అవుతుంది, బేసి సంఖ్య రాదు. సమతాస్థితిలో ఒక్కోటి వచ్చే అవకాశం: 6 అయితే 45 శాతం, 8 అయితే 26, 4 అయితే 23, 10 అయితే 3.4, 2 అయితే 2.8, 0 అయితే 0.04 శాతం.

ఇలా అన్ని అమరికలూ లెక్కపెట్టడమే ఎగ్జాక్ట్ టెస్ట్. చిన్న నమూనాలకు కై-స్క్వేర్ కంటే ఇదే వాడాలి. రావాల్సింది 6 కాగా 4 వచ్చినా పరీక్ష నోరు మెదపదు, పి-విలువ 0.29 (ఇది అల్లీల్ వాటా పి కాదు, సమతాస్థితి ఉన్నా ఇంత లేదా ఇంతకంటే అరుదైన ఫలితం వచ్చే అవకాశం). 2 గానీ 0 గానీ వస్తేనే 0.05 కిందికి దిగుతుంది. అటువైపు 10 వచ్చినా 0.06 దగ్గరే ఆగిపోతుంది. 'తేడా కనబడలేదు' అనేదాన్ని ఇంత చిన్న నమూనాలో 'తేడా లేదు' అని చదవకండి.

ఎఫ్ 0.1 లాంటి చిన్న లోటు హద్దు తాకాలంటేనే 384 జంతువులు కావాలి. అన్ని పులులు ఒక్క చోట ఎక్కడ దొరుకుతాయి? అందుకే ఒక్క జన్యువు కాకుండా చాలా చోట్ల చూస్తారు. సిమ్లిపాల్ అధ్యయనంలో 81 స్నిప్‌లు (డీఎన్‌ఏలో ఒక్క అక్షరం తేడా ఉండే చోట్లు) చూశారు. సగటు హెటరోజైగోసిటీ (విషమయుగ్మజాల వాటా) 0.28 మాత్రమే వచ్చింది, అంటే వైవిధ్యం తక్కువ.

పరీక్ష పాస్ అయింది. అంటే అక్కడ పరిణామం జరగడం లేదనేగా?

ఈ ఒక్క ప్రశ్న కోసమే ఈ పేజీ మొదలుపెట్టాను.

కాదు. పి విలువ ఎంతయినా సరే, ఒక్క తరం యాదృచ్ఛికంగా జతకడితే చాలు, మూడు జన్యురూపాలూ కొత్త పి ప్రకారం మళ్లీ సర్దుకుంటాయి. ఎక్కడో 0.1 దగ్గరున్న అల్లీల్ 0.58కి ఎక్కిందనుకోండి, ఆ ప్రయాణం ఆనవాలు పరీక్షలో మిగలదు. మజ్జిగ బాగా చిలికారా లేదా అన్నది ఈ పరీక్ష చెబుతుంది. అందులో నీళ్లెన్ని పోశారో చెప్పదు.

సిమ్లిపాల్‌నే చూడండి. 0.34 రావాల్సిన చోట 0.37, దాదాపు పాఠ్యపుస్తకం లెక్కే. అదే సమయంలో దేశంలో ఇంకే అడవిలోనూ కనబడని అల్లీల్ అక్కడ సగానికి పైగా ఆక్రమించింది. పి మారడాన్నే పరిణామం అంటాం కాబట్టి, ఇంతకంటే కొట్టొచ్చే పరిణామం ఇంకేం కావాలి? దాన్ని చూడాలంటే ఆ అడవిని వేరే అడవులతో పోల్చాలి, లేదా అదే అడవిని కొన్ని తరాల తర్వాత మళ్లీ చూడాలి.

నల్లరంగు వేటకు పనికొచ్చి పెరిగి ఉండొచ్చు కదా? శాస్త్రవేత్తలు డ్రిఫ్ట్ (వరణం లేకుండా, కేవలం అదృష్టం కొద్దీ అల్లీల్ వాటా మారడం) అని ఎలా అన్నారు?

దట్టమైన అడవిలో నలుపు దాక్కోవడానికి మేలనే కథ వినడానికి బాగుంటుంది. శాస్త్రవేత్తలు ఏం చేశారంటే, సిమ్లిపాల్‌కీ ఇతర అడవులకీ మధ్య ఈ స్థానంలో తేడా ఎంతో కొలిచారు. ఆ తేడాను కొలిచే ఎఫ్-ఎస్‌టీ (పైన చూసిన ఎఫ్ కాదు) 0.33 వచ్చింది. ఎక్కువే. కానీ ఆ రెండు జనాభాల మధ్య మిగతా స్థానాల్లో కూడా తేడాలు పెద్దవే, వాటిలో ఇది విడిగా పొడుచుకు రాలేదు. వరణం ఈ ఒక్క జన్యువు మీద గట్టిగా పనిచేసి ఉంటే ఇది వాటి మధ్య నుంచి ఎగిరిపడాలి.

కొద్ది పులులతో మొదలై, బయటితో సంబంధం తెగిపోయిన జనాభాను కంప్యూటర్‌లో నడిపించి చూస్తే ఇలాంటి తేడా రావడం సాధ్యమేనని తేలింది. మనసులో లెక్కేసి చూడండి: అయిదు పులులతో జనాభా మొదలైతే పది కాపీలు. వాటిలో ఒకే ఒక్కటి నల్ల అల్లీల్ అయినా మొదటి రోజే దాని వాటా 0.1. ఆ తర్వాత ఏ పులికి పిల్లలు ఎక్కువ బతికాయన్న అదృష్టం మీదే నడక. డ్రిఫ్ట్ ఒక్కటే పనిచేస్తే చివరికి ఆ అల్లీల్ మొత్తం నిండిపోయే అవకాశం దాని ప్రస్తుత వాటాకు సమానం. అంటే 58 శాతం. వేరే అడవి నుంచి పులులు రాకపోతే అని కలుపుకోవాలి.

బయటి పులుల్ని తెచ్చి వదిలితే నల్లపులులు పోతాయా?

2024 చివర్లో మహారాష్ట్ర తాడోబా నుంచి జమున, జీనత్ అనే రెండు ఆడపులుల్ని సిమ్లిపాల్‌కి తెచ్చారు. జన్యు వైవిధ్యం పెంచడమే ఉద్దేశం. జీనత్ అడవి దాటి జార్ఖండ్, పశ్చిమ బెంగాల్ దాకా తిరిగి అందరికీ టెన్షన్ పెట్టింది. డిసెంబరులో బాంకురాలో మత్తుమందు ఇచ్చి పట్టుకోవాల్సి వచ్చింది.

లెక్కలో చూస్తే, 24 పులులు, 48 కాపీలు, వాటిలో 28 నల్లవి అనుకుందాం. నల్ల అల్లీల్ లేని రెండు పులులు చేరితే 28/52, అంటే 0.58 కాస్తా 0.54 అవుతుంది. అసలు ప్రభావం వాటి పిల్లల్లో. నల్ల మగపులితో జతకట్టినా పిల్లలన్నీ మామూలు చారలతోనే పుడతాయి, అన్నింటిలోనూ ఒక్కో నల్ల కాపీ దాగి ఉంటుంది. అప్పుడు 'నల్లపులులు అంతరించిపోతున్నాయి' అని ఎవరైనా వార్త రాస్తే కంగారుపడకండి. మనవల తరంలో మళ్లీ బయటపడొచ్చు.

మన నల్లమలలో ఇలాంటి పని చేయాలంటే?

పులి పెంటే కదా అని ఎత్తుకొచ్చేయకండి. పులి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్‌లో ఉంది. అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా రిజర్వులో అడుగే పెట్టకూడదు. ఇక నాగార్జునసాగర్-శ్రీశైలం రిజర్వు ఆంధ్రప్రదేశ్‌ది, అమ్రాబాద్ తెలంగాణది, మధ్యలో కృష్ణ. కాగితం మీద రెండు జనాభాలు. పులికి ఈత వచ్చు, రాష్ట్ర సరిహద్దు తెలియదు. రెండింటినీ విడివిడిగా, కలిపి, రెండు రకాలుగానూ పరీక్షించి చూడండి. కలిపినప్పుడు మాత్రమే లోటు కనబడితే వాలుండ్‌ని గుర్తుచేసుకోండి.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

జీన్‌పాప్ పాతదే అయినా నమ్మకమైనది. ఆర్‌లో హార్డీవైన్‌బర్గ్ అనే ప్యాకేజీ ఉంది, వేల స్నిప్‌లుంటే ప్లింక్. ఒక జాగ్రత్త: 81 స్థానాల్ని 0.05 హద్దుతో పరీక్షిస్తే, ఏ తేడా లేకపోయినా నాలుగు దాకా ఊరికే ఫెయిల్ అవుతాయి. వాటిని పట్టుకుని కథ అల్లకుండా, ఎన్ని పరీక్షలు చేశారో దానికి తగ్గట్టు హద్దు బిగించండి. మొదటిసారి చేసేవాళ్లు పైన చూపిన 22, 16, 12 అంకెల్ని ప్రోగ్రాంలో పెట్టి 5.56 వస్తోందో లేదో చూసుకోండి. కొన్ని ప్రోగ్రాంలు తమంతట తామే కంటిన్యుటీ కరెక్షన్ వేస్తాయి. అప్పుడు కొంచెం తక్కువ వస్తుంది, అది ఆపేసి మళ్లీ నడపండి.